ఇనుప మూకుడు, కరక్కాయ గుడ్డ: అడయారులో ఒక కలంకారీ విందు

చెన్నైలో కళనీ తిండినీ కలపడం కొత్తేం కాదు. 1927 చివర్లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సమ్మేళనం నుంచే మ్యూజిక్ అకాడెమీ పుట్టింది. ఇప్పుడు డిసెంబరు సీజన్ వచ్చిందంటే కచేరీల సమీక్షలతో పాటు సభా కాంటీన్ల సమీక్షలు కూడా పేపర్లలో వస్తాయి. తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి కాంటీన్ దారి పట్టడం ఇక్కడ పాత జోకు. మృదంగం వాయించే మనిషికి అంత నవ్వు రాకపోవచ్చు.

పాపప్ డిన్నర్లలో, అంటే ఎక్కడో ఒకచోట ఒక్కరోజుకు పెట్టే విందుల్లో, కూడా నేను చూసింది ఇంచుమించు అదే. గోడకు నాలుగు బొమ్మలు తగిలిస్తారు. కళాకారుణ్ణి పిలిచి పది నిమిషాలు మాట్లాడిస్తారు. తర్వాత ప్లేట్లు వస్తాయి, ఇక గోడ వైపు చూసేవాళ్లుండరు. మెనూలో 'ఆ బొమ్మలోని నీలం స్ఫూర్తితో' అని రాసి శంఖుపుష్పం నీళ్లు పోసిన అన్నం పెడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. తిన్నాక గుర్తుండేది మాత్రం బిల్లు.

మాది చెన్నైలో చిన్న కేటరింగ్. ఏడాదిలో కొన్నిసార్లు ఇలాంటి విందులు కూడా చేస్తుంటాం. జనవరిలో అడయారు గాంధీనగర్‌లో ఒక పాత ఇంటి పెరట్లో 22 మందికి కలంకారీతో చేసిన విందు గురించి ఇక్కడ రాస్తున్నాను. చాలామంది అడిగారు, ఎలా చేశారని. ముందే ఒక మాట చెప్తాను. బొమ్మలో ఉన్న కథకు వంట జత చేస్తే ఆ జత అతికించినట్టే ఉంటుంది. బొమ్మ తయారయ్యే పనికి, ఆ పనిలో వాడే సామానుకు వంటను జత చేస్తే వచ్చినవాళ్లకు మనం చెప్పాల్సింది తక్కువ.

కలంకారీయే ఎందుకంటే

మొదటి కారణం సామాన్లు. గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి పనివాళ్ల సామాన్ల గంపలో సగం కిరాణా కొట్లో దొరికేవే. బ్లీచ్ చెయ్యని నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలల్లో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. రంగు పక్కకు పాకకుండా పాలలోని వెన్న ఆపుతుంది. రంగు పట్టుకోవడానికి కరక్కాయలో ఉన్న వగరు కావాలి. మొదటి గీతలు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో వేస్తారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో కొన్ని వారాలు ఊరబెడితే వచ్చే ద్రవాన్ని కసిం అంటారు, నలుపు దానితోనే. పటిక నీళ్లతో గీసిన చోట మంజిష్ఠ లాంటి వేళ్లతో ఉడికించినప్పుడు ఎరుపు తేలుతుంది. దానిమ్మ తొక్క పసుపుకి. అంటే బెల్లం, పాలు, చింత, ఇనుము, వగరు. వంట చేసేవాళ్లకు వీటిలో కొత్తది ఏదీ లేదు.

రెండో కారణం ఊరు. రంగులద్దిన బట్ట ఈ ఊరికి పరాయిది కాదు. డచ్చివాళ్లు 1613లో పులికాట్‌లో కోట కట్టుకున్నదీ, 1639లో ఇంగ్లిష్ కంపెనీ మద్రాసులో స్థలం తీసుకున్నదీ చాలావరకు ఈ తీరంలో దొరికే బట్టల కోసమే. 1734 ప్రాంతంలో నేతవాళ్లకీ బట్టకు రంగులేసేవాళ్లకీ ఇళ్లిచ్చి కంపెనీ వేయించిన పేట చింతాద్రిపేట. ఇప్పుడు అక్కడ చేపల మార్కెట్ పెద్దది. మా విందుకు వంజరం అక్కణ్ణుంచే తెచ్చాం. ఈ సంగతి మెనూలో ఒక్క వాక్యంగా వేస్తే, రోజూ ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

కళాకారుడు శ్రీకాళహస్తి నుంచి వచ్చారు, అరవై దాటిన మనిషి. 1950ల్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ మొదలైన శిక్షణ కేంద్రం నుంచి పని నేర్చుకున్న కుటుంబం. చిత్తూరు తెలుగు, సరిహద్దు తమిళం రెండూ గడగడా మాట్లాడతారు కాబట్టి అనువాదం చెయ్యాల్సిన బాధ మాకు తప్పింది. ఫోన్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఎంతిస్తారని కాదు. "అక్కడ నీళ్లు ఎట్లుంటాయమ్మా?" అని.

నీళ్లు, వాసన, వెలుతురు

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆయన విందుకు రెండు రోజుల ముందు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు తెలిసింది. జేబులోంచి కరక్కాయ పట్టించిన చిన్న గుడ్డముక్క తీసి పెరటి బోరు కుళాయి కింద ఒక చుక్క పడనిచ్చారు. కాసేపటికి ఆ చుక్క పడ్డచోట బూడిదరంగు మచ్చ తేలింది. నీళ్లలో ఇనుము ఉందన్నమాట. ఆ నీళ్లతో ఉడికిస్తే ఎరుపు చచ్చిపోయి గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని రంగు పనికి మెట్రో వాటర్, అంటే ఊరికి సరఫరా చేసే నీళ్లు, తెప్పించాం. వంటకు కూడా అవే వాడాం. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో వండుతున్నాను, బోరు నీళ్లతో పెట్టిన టీ ఎందుకు నల్లగా దిగుతుందో ఆ గుడ్డముక్క చూశాక అర్థమైంది.

తర్వాతి సమస్య వాసన. ఎవరూ చెప్పని విషయం ఇది: పాలల్లో ముంచిన గుడ్డ సరిగ్గా ఆరకపోతే కంపు కొడుతుంది, కసిం కుండ మూత తీస్తే పులిసిన బెల్లం వాసన గుప్పుమంటుంది. ఆకలితో వచ్చిన మనిషికి ముందు ముక్కుకు తగిలేది అదైతే ఆ తర్వాత ఏ పోపు పెట్టినా లాభం లేదు. కాబట్టి గుడ్డలన్నీ శ్రీకాళహస్తిలోనే మంచి ఎండలో ఆరేసి తెమ్మన్నాం. కసిం కుండను బయటే ఉంచి, పనికి కావలసినంత మాత్రం కొబ్బరిచిప్పలో పోసుకోమన్నాం. అడయారులో సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది. వంట పొయ్యిలు తూర్పున, రంగు బల్ల పడమర పెడితే పొయ్యి వెలిగాక వచ్చినవాళ్లకు పోపు వాసనే తగులుతుంది.

వెలుతురు విషయంలో మాత్రం రాజీ పడలేదు. డిన్నర్ అంటే ఎనిమిదింటికి మొదలవ్వాలనుకుంటారు. పసుపు బల్బుల దండల కింద మంజిష్ఠ ఎరుపు, కసిం నలుపు రెండూ మట్టిరంగులోకి దిగిపోతాయి. ఆ దీపాల కింద కలంకారీ చూడ్డం కంటే ఫోన్లో చూడ్డం నయం. అందుకే సాయంత్రం నాలుగున్నరకే రమ్మన్నాం. జనవరిలో ఇక్కడ ఆరింటికి పొద్దుపోతుంది. గంటన్నర ఎండ చాలు. ఆదివారం అయినా నాలుగున్నర ఏమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు, వచ్చాక ఎవరూ ఆ ఊసెత్తలేదు. చీకటి పడ్డాక తెల్ల ట్యూబ్‌లైటు పెట్టాం. ఫోటోలకు బాగుండదని మా డెకరేషన్ అబ్బాయి ఇప్పటికీ అలిగే ఉన్నాడు.

మూకుడు దగ్గర

రాగానే అందరికీ ఇచ్చింది ఉప్పు అద్దిన ఉసిరికాయ ముక్క, గ్లాసుడు మంచినీళ్లు. ముందు ముక్క నమలాలి, తర్వాత నీళ్లు తాగాలి. నాలుక బిగుసుకున్నట్టయి, నీళ్లు తియ్యగా తగులుతాయి. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర అందరికీ తెలిసిన సరదాయే. కరక్కాయలోని వగరు కూడా ఈ జాతిదే. దాన్ని తినిపించే ధైర్యం లేక ఉసిరితో సరిపెట్టాం.

అక్కణ్ణుంచి రంగు బల్ల దగ్గరికి. అందరికీ అరచెయ్యంత కరక్కాయ గుడ్డ, ఒక కలం. కలమంటే వెదురుపుల్ల, మొన పైన నూలు చుట్టి దారంతో బిగించి ఉంటుంది. కసింలో ముంచి ఆ చుట్టును వేళ్లతో నొక్కుతుంటే రంగు మొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువైతే గీత మధ్యలో ఎండిపోతుంది. అందరివీ బొట్లే. కసిం గుడ్డకు తగిలినప్పుడు లేత టీ రంగులో ఉంటుంది, చూస్తుండగానే బూడిదై, నల్లబడుతుంది. గీసినవాళ్లు చెయ్యి ఆపి అలా చూస్తూ ఉండిపోతారు. ఆ చూసే సమయాన్ని వంట లాగేసుకోకూడదని ఆ పావుగంట పొయ్యి వెలిగించలేదు.

అప్పుడు ఇటు రెండు పొయ్యిలు వెలిగించాం. ఒకదాని మీద స్టీలు బాణలి, రెండోదాని మీద పాత ఇనుప మూకుడు. రెంటిలో అదే నువ్వులనూనె, అదే పోపు, అదే పసుపు, అదే తురిమిన ఉసిరి. మొదటి నిమిషాల్లో తేడా ఏమీ లేదు. తర్వాత మూకుడు అంచుకు తగులుతున్న తురుము ముదురు రంగుకు తిరిగింది. గరిటె తిప్పుతున్నకొద్దీ ఆ నలుపు మధ్యకు చేరింది. స్టీలు బాణలిలోది పసుపుపచ్చగానే ఉంది. ఎవరో "అయ్యో, మాడిపోతోంది" అన్నారు. మాడలేదు, మంట సిమ్‌లో ఉంది.

వచ్చినవాళ్లలో పెరంబూరులో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం నుంచి ఒక పెద్దావిడ ఉన్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళంలోనే. ఆవిడ ముందుకొచ్చి, "మా అత్తగారు చూస్తే చంపేసేవారు. పులుపు తీసుకెళ్లి ఇనుప మూకుట్లో వేస్తావా, నల్లబడి చావదూ అని" అన్నారు.

రంగు బల్ల దగ్గర్నుంచి పెద్దాయన తలెత్తకుండానే అన్నారు: "నాకు కావాల్సింది ఆ నలుపేనమ్మా."

ఆ మాటతో అందరూ మూకుడు వదిలి మళ్లీ గుడ్డల దగ్గరికి వెళ్లిపోయారు. ఎవరి గీత ఎంత నల్లబడిందో చూసుకోవడానికి. ఎవరూ పిలవలేదు, మైకు లేదు. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిస్తే ఏమవుతుందో కరక్కాయ గుడ్డ మీదా అదే అవుతుందని ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరు మాత్రం వాళ్ల నాన్నమ్మ మామిడికాయలు ఇనుప కత్తిపీటతో కోస్తే ముక్కలు నల్లబడేవని గుర్తుచేసుకున్నారు. నా లెక్కలో ఆ సాయంత్రం విందు ఇక్కడే గట్టెక్కింది. మిగిలినదంతా కడుపు నింపడమే.

చేతులు సబ్బుతో కడిగించాం. రంగు బల్లకు ఒక కుళాయి, భోజనానికి వేరే కుళాయి. రంగు దగ్గరికి ప్లేటు వెళ్లకూడదు, ప్లేటు దగ్గరికి రంగు రాకూడదు. బెల్లమూ పాలూ ఉన్నాయి కదా, ఈ రంగు తినొచ్చా అని ఒక పిల్లవాడు అడిగాడు. తినకూడదు. తర్వాత ఆ రెండు ఉసిరి పోపుల్లోనూ అన్నం కలిపి, రెండు పులిహోరలూ పక్కపక్కనే వడ్డించాం. మూకుడులోది నోట్లో కాస్త ఇనుపరుచి వదులుతుంది. సగంమందికి అది నచ్చింది, మిగతావాళ్లు పచ్చదే మళ్లీ అడిగారు. ఇదే వంటకం పెళ్లిళ్లలో పెట్టమంటే నేనైతే పెట్టను.

పంక్తిలో కూర్చోబెట్టడం

ఎరుపు సంగతి ఇంకో రకం. పటిక నీళ్లతో గీస్తే గుడ్డ మీద కనిపించేది దాదాపు ఏమీ ఉండదు. అది ఆరాలి, ఉతకాలి, అప్పుడే ఉడికించాలి. ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు. అందుకని పెద్దాయన ఇంటి దగ్గరే నలుపు గీతలు గీసి, పటిక పెట్టి, ఆరబెట్టిన గుడ్డ ఒకటి తెచ్చారు. దాన్ని అందరికీ చూపించారు. నల్లగీతల్లో ఒక చెట్టు, రెండు చిలుకలు, అంతే. దాన్ని మంజిష్ఠ వేసిన రాగి బానలో దింపి కట్టెతో కలుపుతుండగా ఆకులు వేశాం.

మామూలుగా ఇలాంటి విందుల్లో గుండ్రటి బల్లలు వేస్తారు. ఎదురెదురుగా కూర్చుంటే మనుషులు మనుషుల్నే చూస్తారు, మాటలు పడతాయి, వెనక ఏం జరిగినా పట్టదు. మేం పంక్తి భోజనంలా ఒకటే వరస వేశాం, అందరి ముఖాలూ బాన వైపే. మా పిన్ని పెళ్లిలో కూర్చున్నట్టుందని ఒకరు నవ్వారు. నాకు కావలసింది కూడా అదే.

ఆకులో మణత్తక్కాళి కూరతో పప్పు. మన దగ్గర కామంచి అంటాం, మైలాపూరు మాడవీధుల్లో కట్టలుగా అమ్ముతారు. చింతపులుసు రెండు రకాలు. తినేవాళ్లకు నెల్లూరు తీరులో ముందురోజు రాత్రి మట్టిచట్టిలో కాచి ఉంచిన వంజరం పులుసు, తిననివాళ్లకు ఉస్తికాయ పులుసు. ఉస్తికాయలు ఇక్కడ సుండక్కాయ్ పేరుతో ఎండువీ పచ్చివీ దొరుకుతాయి. పచ్చివి కాస్త చిదిమి గింజలు పోయేలా కడిగి, నూనెలో మగ్గాకే పులుసులో వేయాలి, లేకపోతే చేదు మిగిలిపోతుంది. చేప తినేవాళ్లు కూడా ఆ పులుసే రెండోసారి అడిగారంటే వంట చేసిన మా అక్క గొప్పతనం, నాది కాదు.

అన్నం పులుసు అయ్యాక, పెరుగు రాకముందు, వడ్డన ఆపాం. పెద్దాయన కట్టెతో గుడ్డ పైకెత్తారు. చెట్టు కాండం, చిలుకల రెక్కలు ఎర్రగా తేలి ఉన్నాయి, నీళ్లు ఎర్రగా కారుతున్నాయి. పటిక పడని చోట కూడా కాస్త గులాబీ ఛాయ పట్టి ఉంటే అదేమిటని అడిగారు. అది పోవాలంటే గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరేసి, పారే నీళ్లలో ఉతకాలి. శ్రీకాళహస్తిలో ఆ పని స్వర్ణముఖి నదిలో చేసేవారు. పేడనీళ్ల భాగాన్ని పెరుగన్నం ముందు ఇంకాస్త వివరించబోతున్న పెద్దాయనకు కళ్లతోనే సైగ చేశాను.

టీనగర్‌లో ఆరేడొందలకు కలంకారీ అని అమ్ముతున్న చీరల గురించి అప్పుడే చర్చ వచ్చింది. అవి చాలావరకు స్క్రీన్ ప్రింట్లు. మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో వేసేది ఇంకో సంప్రదాయం, దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. కలంతో గీసేది శ్రీకాళహస్తి పని, దానికి వేరే జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. పెద్దాయన మాత్రం ఈ వివరాలేవీ చెప్పలేదు. "మా పనిలో బొట్టు పడుంటది చూడండి, యాడో ఒకచోట. అచ్చులో పడదు" అన్నారంతే. సాయంత్రం తాము వేసిన బొట్లు గుర్తొచ్చి అందరూ నవ్వారు.

పాలతాలికలు మాత్రం అనుకున్నంత కలవలేదు. పాలలో ముంచిన గుడ్డ, దాని మీద గీతలు అని నేను ఊహించుకున్న జత అది. తాలికలు బాగున్నాయి, పాలు దించి చల్లారాక బెల్లం వేశాం కాబట్టి విరగలేదు. కానీ వాటికీ గుడ్డకూ సంబంధం ఏమిటో నేను నిలబడి వివరించాల్సి వచ్చింది, వివరిస్తుంటే జనం మర్యాదగా తలలూపారు. మూకుడు దగ్గర ఇలా జరగలేదు. చివర్లో తాటిబెల్లంతో సుక్కు కాపీ, అంటే శొంఠి కాఫీ, ఇచ్చాం. దానికి ఏ కథా చెప్పలేదు, అదే హాయిగా ఉంది.

డబ్బు

తలకు 1,800 రూపాయలు, మొత్తం 39,600. కళాకారుడికీ సహాయకుడికీ ఫీజు, ప్రయాణం, గుడ్డలు కలిపి 14,000. చేప, కూరగాయలు, సరుకులకు 9,500. ఇంటి అద్దె 6,000. వడ్డనకూ శుభ్రానికీ మనుషులు 4,500. నీళ్లు, ఆకులు, బండి కిరాయి 2,100. చేతికి మిగిలింది 3,500. మా కేటరింగ్ ఉంది కాబట్టి ఇది చెయ్యగలుగుతున్నాం. ఇదొక్కటే నమ్ముకుని దిగేవాళ్లు ఈ లెక్క రెండుసార్లు చూసుకోవాలి.

కళాకారుడి ఫీజు విందుకు ముందే, ఎంతమంది వచ్చినా రాకపోయినా ఇచ్చేశాం. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉంటాను. 'మీ పనికి ప్రచారం దొరుకుతుంది, అమ్ముడైన బొమ్మలో వాటా తీసుకోండి' అనే ఏర్పాట్లు నాకు తెలుసు. వంటవాడికి అలా చెప్తే ఒప్పుకుంటాడా? ఆ రోజు ఉడికించిన చిలుకల గుడ్డను వచ్చినవాళ్లలో ఒకరు కొన్నారు. అది ఇంకా ఉతకాలి, రంగులు ఇంకా వేయాలి కాబట్టి నెల తర్వాత కొరియర్‌లో పంపారు. ఆ డబ్బుతో మాకు సంబంధం లేదు.

ఇక వేసవికి. ఏప్రిల్‌లో మంచి పచ్చి ఉసిరి దొరకడం కష్టం. ఎండు ఉసిరి నానబెట్టి చూశాం, మూకుట్లో నల్లబడుతుంది గానీ పులిహోరకు ఆ రుచి రాదు. ఆ రోజు ఒకరు చెప్పిన నాన్నమ్మ కత్తిపీట మాట పట్టుకుని పచ్చి మామిడికాయతో ప్రయత్నిస్తున్నాం. టెంక ముదరకముందే జీడితో సహా ఇనుప కత్తిపీట మీద కోస్తే ముక్క అంచు చెప్పుకోదగ్గంతగా నల్లబడుతోంది. ఎండ వేళ పెరట్లో బాన వెలిగించడం కుదరదు. కాబట్టి ఎరుపు మానేసి, ఒక్క నలుపుతోనే, పొద్దున్నే టిఫిన్ వేళకు చేద్దామని పెద్దాయనతో మాట్లాడాను. ఆయన షరతు మళ్లీ ఒకటే: ఈసారి ఇల్లు ఏదైనా సరే, ముందు అక్కడి బోరు నీళ్లు ఒక సీసాలో పంపించమన్నారు.